పాటెప్పుడొస్తాది? హౌస్ మ్యూజిక్ కొత్తగా వినేవాళ్ల కోసం

హౌస్ మ్యూజిక్ ట్రాక్ ఒకటి పెట్టి విజయనగరంలో ఎవరి చెవికైనా ఇయర్‌ఫోన్ తగిలిస్తే, నిమిషం తిరిగేసరికి వచ్చే ప్రశ్న ఇదే: "బీటు బాగానే ఉంది గానీ, పాటెప్పుడొస్తాది?" ఇంకో నిమిషం చూసి ఇయర్‌ఫోన్ తీసి మన చేతిలో పెట్టేస్తారు. వాళ్లని తప్పుపట్టడానికేం లేదు. మన చెవులు సినిమా పాటతో పెరిగాయి. కాస్త మ్యూజిక్, పల్లవి, మధ్యలో ఇంకాస్త మ్యూజిక్, చరణం, మళ్లీ పల్లవి. నాలుగైదు నిమిషాల్లో అన్నీ జరిగిపోవాలి. హౌస్ ట్రాక్ చూస్తే ఆరేడు నిమిషాలుంటుంది. మొదటి నిమిషమంతా వట్టి డ్రమ్సే. మాటలుంటే రెండు ముక్కలు, అవే తిరిగి తిరిగి వస్తాయి. కొన్నింటిలో అవి కూడా ఉండవు.

ఇలాంటి సంగీతం నలభై ఏళ్లుగా షికాగో నుంచి జొహానెస్‌బర్గ్ దాకా జనాన్ని తెల్లవార్లూ ఎలా ఆడిస్తోంది? నా మటుకు జవాబు ఇది: దాన్ని పాట అనుకుని వినడంలోనే చిక్కంతా ఉంది. హౌస్ ట్రాక్ దానంతటది పూర్తి వస్తువు కాదు. ఒక రాత్రంతా సాగే సంగీతంలో ఒక ముక్కగా పనికొచ్చేలా దాన్ని తయారుచేస్తారు.

ఆ మొదటి నిమిషాన్నే తీసుకోండి. డీజే దగ్గర రికార్డులు తిప్పే పెట్టెలు, అంటే టర్న్‌టేబుల్స్, రెండు ఉంటాయి. ఒకదాని మీద రికార్డు నడుస్తుండగానే రెండోదాని మీద తర్వాతి రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్‌లో వింటూ దాని వేగాన్ని కొంచెం పెంచో తగ్గించో రెండు దరువుల్నీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడేలా చేస్తాడు. తర్వాత మెల్లగా ఇదెక్కి అది దిగిపోతుంది. ఆడేవాళ్ల అడుగు ఎక్కడా తప్పదు. ఈ పని కుదరాలంటే ట్రాక్ మొదట్లో, చివర్లో రాగం, గొంతు ఏమీ లేకుండా వట్టి దరువు ఉండాలి. రెండు రాగాలు ఒకేసారి వినిపిస్తే గందరగోళం కదా. అంటే యూట్యూబ్‌లో ఒక్క ట్రాక్ పెట్టి మనం విసుక్కునే ఆ మొదటి నిమిషం మన కోసం పెట్టింది కాదు, డీజే కోసం పెట్టింది. ఈ ఒక్క సంగతి ముందే చెబితే సగం మంది ఇయర్‌ఫోన్ తియ్యరని నా నమ్మకం.

ఇది పుట్టిన కథ కూడా తెలిస్తే ఇంకొన్ని ముడులు విడతాయి. షికాగోలో 1977లో వేర్‌హౌస్ అనే క్లబ్బు తెరిచారు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ అక్కడ డీజే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికా మూలాలవాళ్లు, స్వలింగ సంపర్కులు. బయట చాలా చోట్ల వాళ్లకి మర్యాద దొరికేది కాదు. అప్పట్లో అక్కడ నడిచింది డిస్కో. ఆ వేర్‌హౌస్ పేరులోని చివరి ముక్కే తర్వాత ఈ సంగీతానికి పేరైందని ఎక్కువమంది చెప్పేమాట.

1979 జులై 12న అదే షికాగోలో ఒక వింత జరిగింది. స్టీవ్ డాల్ అనే రేడియో డీజేకి డిస్కో అంటే పడదు. డిస్కో రికార్డులు పట్టుకురండి, పేల్చేస్తానని పిలుపిచ్చాడు. కోమిస్కీ పార్క్ స్టేడియంలో రెండు బేస్‌బాల్ ఆటల మధ్య నిజంగానే పేల్చాడు. జనం మైదానంలోకి దూకేశారు, రెండో ఆట జరగనే లేదు. ఆ రాత్రి స్టేడియంలో పనిచేస్తున్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఒక సంగతి గమనించాడు: జనం తెచ్చిన రికార్డుల్లో డిస్కో కానివీ చాలా ఉన్నాయి, వాటన్నిటికీ ఉన్న పోలిక అవి నల్లవాళ్లు పాడినవి కావడమే. అప్పటికి ఆ కుర్రాడు సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. ఐదేళ్ల తర్వాత, 1984లో, జెస్సీ సాండర్స్‌తో కలిసి అతను చేసిన రికార్డునే చాలామంది తొలి హౌస్ రికార్డుగా లెక్కేస్తారు.

ఆ గొడవ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కోని వదిలేశాయి. కొత్త రికార్డులు తగ్గిపోయాయి. క్లబ్బులో ఆడేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఉన్న పాత రికార్డులతోనే రాత్రంతా నడపాలి. అప్పుడు నకల్స్ టేపు రీళ్ల మీద పాటల్ని కోసి అతికించడం మొదలుపెట్టాడు. పాటలో జనం ఊగిపోయే భాగం, అంటే పాడేవాళ్లు ఆగి డ్రమ్స్, బాస్ (కింది స్థాయి మోత) మాత్రమే మిగిలే చోటు, ముప్ఫై సెకన్లుంటే దాన్ని మూడు నిమిషాలు చేశాడు. తర్వాత దాని కింద డ్రమ్ మెషిన్ కూడా కలిపాడు. హౌస్ మ్యూజిక్‌లో మనకి "ఒకటే సాగదీస్తున్నారు" అనిపించేది ఉంది చూశారూ, అది కల్పన చాలక జరిగింది కాదు. పాటలోంచి బాగున్న ముక్కని పట్టుకుని, అయిపోకుండా చూసుకోవాలన్న కోరిక అది. షికాగో నగరం 2004లో ఆ క్లబ్బున్న వీధికి నకల్స్ పేరు పెట్టింది.

తర్వాతి మెట్టు యంత్రాలు. జపాన్‌కి చెందిన రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808, 1983లో టీఆర్-909 అనే డ్రమ్ మెషిన్లు తెచ్చింది. మధ్యలో 1981లో వచ్చిన టీబీ-303, ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకారుడి పక్కన బాస్ గిటారు వాయించడానికి ఉద్దేశించిన చిన్న పెట్టె. దాని శబ్దం బాస్ గిటారులా అస్సలుండదు. అమ్ముడుపోలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికేసరికి షికాగో కుర్రాళ్లు కొన్నారు. ఫ్యూచర్ అనే ముగ్గురి బృందం దాని మీది నాబ్‌లు అడ్డదిడ్డంగా తిప్పుతుంటే కీచుమంటూ, గుడగుడలాడుతూ ఎవరూ వినని శబ్దాలొచ్చాయి. దాన్నే రికార్డు చేసి 1987లో విడుదల చేశారు. యాసిడ్ హౌస్ అనే శాఖ అలా పుట్టింది.

ఇక్కడ మనవాళ్ల ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. ముంబైలో హిందీ సినిమాలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే వాద్యకారుడు ఈ రెండు పెట్టెల్నీ, 808నీ 303నీ, కొని తెచ్చుకుని 1982లోనే పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి ఒక ఎల్పీ చేశాడు. షికాగో రికార్డుకి ఐదేళ్ల ముందు! ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ఆశ్చర్యపోయింది. షికాగోకీ ఆ ఎల్పీకీ సంబంధమేమీ లేదు. కానీ కింద ఆగని దరువు, దాని మీద ఒకే రాగాన్ని తొందర లేకుండా విప్పుకుంటూ పోవడం అనే ఊహ మన సంగీతానికి దూరం కాదని ఆ రికార్డు చెవులకి చూపిస్తుంది. హౌస్ అంటే బొత్తిగా తెలియని కర్ణాటక సంగీతాభిమానికి నేనైతే ముందు దాన్నే వినిపిస్తాను.

ఇక అసలు వినడం ఎలా అన్నది.

హౌస్ వేగం సాధారణంగా నిమిషానికి 118 నుంచి 130 దరువుల మధ్య ఉంటుంది. లెక్క సులువుగా ఉండడానికి 120 అనుకుందాం. సెకనుకి రెండు దరువులు. ప్రతి దరువుకీ "ధుమ్" అని పడేది కిక్ డ్రమ్. అది నడుస్తున్నంతసేపూ ఎక్కడా తప్పదు. రెండు ధుమ్‌ల మధ్య సందులో "త్స్" అని వినిపించేది హై-హ్యాట్. రెండో దరువు మీద, నాలుగో దరువు మీద చప్పట్లాంటి క్లాప్. నాలుగు దరువులు కలిస్తే ఒక బార్, అంటే రెండు సెకన్లు. మార్పులన్నీ దాదాపుగా ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు బార్ల దగ్గర జరుగుతాయి. పదహారు బార్లంటే 32 సెకన్లు. ఒక్కసారి గడియారం దగ్గర పెట్టుకుని విని చూడండి. ఏదో ఒకటి వచ్చి చేరడమో, ఉన్నదేదో తప్పుకోవడమో సరిగ్గా ఆ మలుపుల్లోనే జరుగుతుంది. ముందు కిక్ ఒక్కటే. తర్వాత హై-హ్యాట్. తర్వాత బాస్ వచ్చి కూర్చుంటుంది. ఆ మీద పియానోనో సింథసైజరో రెండు మూడు స్వరాలు. ఇంకెప్పటికో ఒక గొంతు. అన్నీ కుదిరి సుఖంగా ఉందనుకునేసరికి కిక్, బాస్ రెండూ మాయమవుతాయి. స్వరాలు మాత్రం గాల్లో వేలాడుతుంటాయి. మన కాలు ఇంకా కొడుతూనే ఉంటుంది. పదహారు బార్ల తర్వాత బాస్, కిక్ రెండూ ఒక్కసారి తిరిగొస్తాయి. ఆ తిరిగి రావడం కోసమే జనం కాచుకుని ఉంటారు.

కొన్నిసార్లు కొత్త శబ్దమేదీ రాదు, ఉన్నదే మారుతుంది. మొదట గోడ అవతల నుంచి వస్తున్నట్టు మందంగా వినిపించిన అవే స్వరాలు నిమిషంన్నరలో మెల్లగా తేటపడి ఎదురుగా వచ్చి నిలబడతాయి. దాన్ని ఫిల్టర్ తెరవడం అంటారు. స్వరం ఒక్కటి కూడా మారలేదు, అయినా చాలా జరిగింది. ఇది పట్టుకోగలిగినప్పటి నుంచి "ఒకటే గోల" అన్న మాట నోటికి రాదు.

విజయనగరం వాళ్లకి లయ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1919లో ఇక్కడ మొదలైన మహారాజా వారి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానికి ఒక్కో తాళం పెట్టి ఐదు తాళాలు ఒకేసారి నడిపిన మనిషి. హౌస్‌లో అంత కష్టమైన లెక్కలేమీ లేవనుకోండి. కానీ ఒకేసారి రెండు మూడు చక్రాలు వేరువేరుగా తిరుగుతుంటే వాటన్నిటినీ పట్టుకుని ఉండే చెవి ఇక్కడా కావాలి.

అంతకంటే దగ్గరి పోలిక మన తప్పెటగుళ్లు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పదిహేను ఇరవై మంది గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఆడేది. గురువు ఒక చరణం అంటాడు, మిగతావాళ్లు అదే తిరిగి అంటారు. అదే దరువు, అదే అడుగు, మళ్లీ మళ్లీ. ఫోన్‌లో వీడియో చూస్తే ఐదు నిమిషాలకి చాలనిపిస్తుంది. జాతర్లో వాళ్ల పక్కన నిలబడితే గంటైనా కదలబుద్ధి కాదు, పైగా మన కాలే ముందు కదులుతుంది. అక్కడ ఎవరూ "కొత్త పాటెప్పుడు?" అని అడగరు. తిరిగి రావడమే దాని బలం. హౌస్ కూడా అక్కడే పట్టేస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది, కొత్తవాళ్లు మోసపోయేది దాని దగ్గరే. తప్పెటగుళ్లు వేగం పుంజుకుంటుంది, ఆఖరికి గెంతులు, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడడాలు. హౌస్ వేగం పెరగదు. మొదట ఎంత ఉందో ఆఖర్నా అంతే. ఊపు పెంచడానికి దానికున్న దారి చేర్చడం, తీసేయడం, అంతే. వేగం కోసం చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఒంటికి ఇదంతా ఎందుకు నచ్చుతుందనే దాని మీద పరిశోధనలున్నాయి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో రకరకాల డ్రమ్ దరువులు వినిపించి ఏది వింటే ఆడాలనిపిస్తోందని అడిగారు. మరీ సూటిగా ఉన్నవి, మరీ మెలికలు తిరిగినవి వెనకబడ్డాయి. మధ్యరకంగా, దరువు అక్కడక్కడ అనుకున్న చోటు తప్పి పడేవి ఎక్కువమందిని కదిలించాయి. పూర్తిగా తెలిసిపోతే ఒంటికి పని లేదు, బొత్తిగా తెలియకపోతే ఒళ్లు చేతులెత్తేస్తుంది. హౌస్‌లో ఆ రెండు పనులూ పంచుకున్నట్టు నాకనిపిస్తుంది. కిక్ ఎప్పుడూ మాట తప్పదు. బాస్, హై-హ్యాట్ దాని సందుల్లోంచి తుంటరిగా తొంగిచూస్తాయి.

రెండు మాటలే తిరిగి తిరిగి రావడం గురించి కూడా ఒక తమాషా ఉంది. డయానా డ్యూష్ అనే సంగీత మనస్తత్వవేత్త 1995లో తన మాటల రికార్డింగు సరిచూసుకుంటూ ఒక చిన్న ముక్కని పదేపదే నడవనిచ్చింది. కాసేపటికి ఆ మామూలు మాట పాటలా వినపడడం మొదలైంది. శబ్దంలో మార్పేమీ లేదు. అర్థం తెలిసిపోయాక చెవి దాన్ని వదిలేసి స్వరాన్ని పట్టుకుంటుందన్నమాట. హౌస్‌లో ఆ రెండు లైన్ల సాహిత్యాన్ని మన సినీకవుల పక్కన పెట్టి తూచకూడదు. అక్కడ గొంతు ఇంకో వాద్యం. ఇంగ్లీషు అర్థం కాకపోయినా నష్టమేం లేదు.

మరి బాస్ సంగతి. కిక్ డ్రమ్ అసలు బలం 50, 60 హెర్ట్జ్ ప్రాంతంలో, అంటే బాగా కింది స్థాయిలో ఉంటుంది. ఫోన్ స్పీకర్ ఆ శబ్దాన్ని పలకలేదు. అంటే ఫోన్ బల్ల మీద పెట్టి హౌస్ వింటే దానికి పునాది లేనట్టే, మిగిలేది టిక్కు టిక్కులే. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ఎలక్ట్రానిక్ కచేరీలో చెవికి దాదాపు అందనంత కింది స్థాయి శబ్దాన్నిచ్చే స్పీకర్లని కాసేపు పెట్టి కాసేపు ఆపి చూశారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం ఆడడం సుమారు 12 శాతం పెరిగింది. అవి ఉన్నాయో లేవో వాళ్లకే తెలీదు. 2022లో ఈ ఫలితం వచ్చింది. కాబట్టి కొత్తగా వినేవాళ్లు కనీసం ఒక మాదిరి ఇయర్‌ఫోనో, ఇంట్లో ఉంటే హోమ్ థియేటరో వాడాలి. డబ్బున్నవాళ్ల షోకు మాట కాదిది. దీనికి అది అవసరం.

బాస్ అనగానే మనవైపు గుర్తొచ్చేది నిమజ్జనానికి లారీ మీద కట్టే డీజే బాక్సులు. వాటి పక్కన నిలబడితే చొక్కా గుండీలు కూడా అదురుతాయి. ఈ అనుభవం వల్ల చాలామంది పెద్దవాళ్లకి డీజే అంటేనే టెన్షన్. నేను ఆ ఊరేగింపుని తక్కువ చెయ్యను, దాని హుషారు దానిది. కానీ అక్కడ జరిగేది వేరు. నిమిషానికో పాట, ప్రతి పాటలోనూ బాగా తెలిసిన ముక్కే, వేగం మీద వేగం. హౌస్ డీజే పని జనానికి తెలిసిన పాట పెట్టడం కాదు. తెలియని ట్రాక్‌లని ఏ వరసలో పెడితే రెండు గంటల తర్వాత ఈ గది ఎక్కడికి చేరుతుందో ఊహించడం. సౌండ్ కూడా అదరగొట్టాల్సిన పనిలేదు. మంచి క్లబ్బుల్లో బాస్ ఒంట్లోకి దిగుతుంది, చెవులు మాత్రం నొప్పెట్టవు.

ఇంట్లోవాళ్లకి ఉండే ఇంకో భయం మత్తు. అది ఊరికే పుట్టిన భయం కాదు. 1988 ప్రాంతంలో బ్రిటన్‌లో యాసిడ్ హౌస్ పార్టీలతో పాటు మాత్రలూ వచ్చాయి, పత్రికలు గగ్గోలు పెట్టాయి. చివరికి 1994లో ఆ దేశం చేసిన ఒక చట్టంలో, ఆరుబయట పోలీసులు ఆపించగల సంగీతం ఏదో చెబుతూ, పదేపదే వచ్చే దరువులు ప్రధానంగా ఉన్నదని రాశారు. ఒక పార్లమెంటు కూర్చుని దరువు తిరిగి రావడాన్ని చట్టంలోకి ఎక్కించడం నాకిప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఆ లెక్కన మన భజన బృందాల్ని ఏం చెయ్యాలి? రైల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినేవాడికి మత్తుతో పనేమీ లేదు.

రైలంటే గుర్తొచ్చింది, మొదలుపెట్టడానికి నేను చెప్పేది అదే. విడి ట్రాక్‌లు కాకుండా, డీజే ఒకదానికొకటి అతికించి కట్టిన గంట మిక్స్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకోండి. విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కి పెట్టండి. చీపురుపల్లి దాకా ఏమీ అనిపించకపోవచ్చు, ఫర్వాలేదు, కిటికీలోంచి చూస్తూ ఉండండి. చెవి పెట్టి వినాలని ఒత్తిడి పెట్టుకోకండి. పొందూరు దాటేసరికి ట్రాక్ ఎక్కడ మారిందో తెలియకుండానే నాలుగైదు మారిపోయి ఉంటాయి. వెనక్కి తిప్పి ఆ అతుకు ఎక్కడుందో వెతకాలనిపిస్తే మీకు పట్టినట్టే.

విడిగా వినాలనుకుంటే మార్షల్ జెఫర్సన్ 1986లో చేసిన "మూవ్ యువర్ బాడీ" నుంచి మొదలుపెట్టండి. దాన్నిండా పియానో ఉంటుంది, గొంతు ఉంటుంది, సినిమా పాట చెవికి కూడా పరాయిగా అనిపించదు. తర్వాత లారీ హర్డ్. మిస్టర్ ఫింగర్స్ పేరుతో అదే ఏడాది అతను ఇచ్చిన "క్యాన్ యూ ఫీల్ ఇట్" మెత్తటి రకం. దాన్ని డీప్ హౌస్ అంటారు, రాత్రిపూట వినాలి. ఫ్యూచర్ బృందం చేసిన ఆ 303 కీచులాట రికార్డు మాత్రం మొదటి వారం ముట్టుకోకండి. పదకొండు నిమిషాలు పైనే ఉంటుంది, తయారుగా లేని చెవికి చిరాకు.

అక్కడి నుంచి దక్షిణాఫ్రికా వైపు వెళ్లొచ్చు, నాకు ఇప్పుడు ఎక్కువ ఇష్టం అదే. వర్ణవివక్ష పాలన పోయిన 1990లలో అక్కడి కుర్రాళ్లు హౌస్ వేగం తగ్గించి తమ భాషల్లో మాటలు కలిపి క్వైటో చేసుకున్నారు. గత పదేళ్లలో అమాపియానో వచ్చింది. రీల్స్ చూసేవాళ్లు పేరు తెలియకుండానే వినేసి ఉంటారు. హౌస్ కన్నా ఇంకాస్త నింపాదిగా, లోతుగా దొర్లే బాస్‌తో ఉంటుంది. అక్కడివాడే బ్లాక్ కాఫీ అనే డీజే 2022లో గ్రామీ అందుకున్నాడు.

ఒక హెచ్చరిక. ఈ పేరుతో వచ్చేదాంట్లో చాలా భాగం నిజంగానే బోరు. హోటల్ లాబీలోనూ, బట్టల షోరూముల్లోనూ వినిపించే డీప్ హౌస్ ప్లేలిస్టులు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని అరగదీసినవి. అవి విని ఇదింతే అనుకోవద్దు. ఒక మిక్స్‌లో ఏదైనా ట్రాక్ పట్టుకుంటే దాని పేరుతో పాటు అది వచ్చిన లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పేరు కూడా రాసుకోండి. సినిమా పాటని సంగీత దర్శకుడి పేరుతో వెతికినట్టు దీన్ని లేబుల్ పేరుతో వెతుకుతారు. ఆ మిక్స్ కట్టిన డీజేవి ఇంకో నాలుగు తీసుకోండి. అతని వరస మీకు సరిపడితే కొత్త ట్రాక్‌లు వెతికే పని అతనే చేసిపెడతాడు.